ఉబ్బసం చరిత్రలో మన ఊళ్ళు

కోస్తా జిల్లాల వారు ఉబ్బసం అంటారు. తెలంగాణ వారు దమ్ము అంటారు. షోలాపూరు, భివండి తెలుగువారు పక్కింటి మరాఠీ మాట కలుపుకొని దమా అంటారు. బెంగుళూరు, బళ్ళారి వారికి ఆ చిక్కు లేదు; కన్నడంలోనూ అది ఉబ్బసమే. తమిళనాట ఇరైప్పు. ఏ పేరుతో పిలిచినా రోగి పడే బాధ ఒక్కటే. అర్ధరాత్రి దాటాక లేచి కూర్చోవడం, లోపలికి వెళ్ళినంత సులువుగా ఊపిరి బయటికి రాకపోవడం, రొమ్ములో పిల్లికూతలు, తెల్లవారేదాకా కిటికీ ఊచలు పట్టుకొని నిలబడడం.

బాధ ఒక్కటే కనుక కారణమూ ఒక్కటే అనుకోవడం మనుషులకు సహజం. మందు కూడా ఒక్కటే ఉండాలని ఆశపడడం మరీ సహజం. ఈ రోగం చరిత్ర చదివితే తెలిసేది ఇందుకు తలకిందులు. పిల్లికూత ఒక్కటే గాని దాని వెనుక ఉన్నవి అనేకం. ఆ వెనుక ఉన్నదేదో ఎవరో ఒకరు ఓపికగా కనిపెట్టినప్పుడల్లా వైద్యం ఒక అడుగు ముందుకు వేసింది. ఆ అడుగుల్లో కొన్ని మనం బతుకుతున్న ఊళ్ళలోనే పడ్డాయి: మద్రాసు, మదనపల్లె, వెల్లూరు, షోలాపూరు, పుణె, బెంగుళూరు. నేను వైద్యుణ్ణి కాను. పాత లెడ్జర్ల గదుల్లో దుమ్ము పీల్చి తుమ్ముతూ ఉద్యోగం చేసిన బ్యాంకు వాణ్ణి. ఆ తుమ్ముల కారణంగానే ఈ చరిత్ర చదవవలసి వచ్చింది.

చరక సంహిత శ్వాసరోగాన్ని ఐదు విధాలుగా విభజించింది: మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస. వీటిలో తమకశ్వాస లక్షణాలు చదివితే మన ఇంటి రోగిని చూసి రాసినట్లే ఉంటుంది. పడుకుంటే ఎక్కువవుతుంది, కూర్చుంటే కొంత నయమనిపిస్తుంది. మబ్బు పట్టినా, వాన కురిసినా, చలి పెరిగినా, తూర్పుగాలి వీచినా విజృంభిస్తుంది. శ్వాసరోగానికి కారణాలు చెప్పేచోట దుమ్మును, పొగను ఆ గ్రంథం విడిగా పేర్కొన్నది. అంటే రోగాన్ని భాగాలు చేసి చూడాలనీ, బయటి వస్తువు లోపలి రోగాన్ని రేపుతుందనీ మన పూర్వులు గుర్తించారు. అయితే ఒకే దుమ్ము పదిమంది మీద పడితే ఒక్కడికే ఎందుకు ఆయాసం వస్తుందన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి చాలా శతాబ్దాలు పట్టింది.

ఆ జవాబుకు తొలి దారి వేసినవారు, విచిత్రంగా, రోగులైన వైద్యులే. 1819లో జాన్ బోస్టాక్ అనే వైద్యుడు ప్రతి వేసవిలో తనకు వచ్చే కళ్ళమంట, తుమ్ములు, ఆయాసం గురించి లండన్ వైద్య సంఘంలో ఒక పత్రం చదివాడు. కారణం మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. దాన్ని తేల్చినవాడు మాంచెస్టర్‌కు చెందిన చార్లెస్ బ్లాక్లీ. ఆయనకూ అదే బాధ. గడ్డి పుప్పొడిని తన ముక్కులో, చర్మం మీద తానే ప్రయోగించుకున్నాడు. జిగురు పూసిన గాజు పలకలను ఆరుబయట పెట్టి వాటికి అంటిన పుప్పొడి రేణువులను రోజూ లెక్కించాడు. గాలిపటానికి పలక కట్టి ఎంత ఎత్తులో ఎంత పుప్పొడి ఉందో కూడా చూశాడు. ఆ లెక్కలన్నీ 1873లో పుస్తకంగా వచ్చాయి. పుప్పొడి లెక్క పెరిగిన రోజుల్లోనే తన బాధ పెరిగిందని ఆయన చూపించాడు.

1906లో వియన్నా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే రెండు గ్రీకు మాటలు కలిపి అలెర్జీ అనే పదం తయారుచేశాడు. వేరొక విధమైన ప్రతిచర్య అని దాని అర్థం. పదిమందికి హాని చేయని వస్తువును ఒకరి శరీరం శత్రువుగా భావించి యుద్ధానికి దిగడమే అలెర్జీ. మన వాళ్ళు దీన్ని ఒక్క మాటలో ‘పడదు’ అన్నారు. పిర్కే సూత్రానికి అంతకంటే మంచి తెలుగు అనువాదం నాకు దొరకలేదు.

ఇక మన ఊళ్ళ సంగతి. మొదట మద్రాసు.

పద్దెనిమిదో శతాబ్దం చివరి భాగంలో ఈస్టిండియా కంపెనీ వారి కొలువులో మద్రాసులో ప్రధాన వైద్యాధికారిగా ఉన్న జేమ్స్ ఆండర్సన్‌కు మొక్కలంటే పిచ్చి. నుంగంబాకంలో పెద్ద తోట పెంచాడు. ఇక్కడి వైద్యులు ఉబ్బసానికి ఉమ్మెత్త వేరు ఎండబెట్టి, దంచి, చిలుములో పెట్టి పొగ పీల్పించడం ఆయన గమనించాడు. ఈ సంగతి జెంట్ అనే సైనికాధికారికి చెప్పగా, 1802లో ఆయన దాన్ని మద్రాసు నుంచి ఇంగ్లండుకు తీసుకుపోయాడు. సిమ్స్ అనే వైద్యుని ద్వారా 1812లో ఎడిన్‌బరో వైద్య పత్రికలో అచ్చయింది. అక్కడి నుంచి ఉమ్మెత్త పొగ ఐరోపా అంతా వ్యాపించింది. ఉమ్మెత్త ఆకు నింపిన ఆస్త్మా సిగరెట్లు పందొమ్మిదో శతాబ్దంలో మందుల దుకాణాల్లో అమ్ముడుపోయాయి. చిన్ననాటి నుంచి ఉబ్బసంతో తీసుకున్న ఫ్రెంచి నవలాకారుడు మార్సెల్ ప్రూస్ట్ అటువంటి సిగరెట్లూ పొగ పొడులూ వాడినవాడే.

ఉమ్మెత్తలో బలమైన మందు ఉన్నమాట నిజం. అదే మొక్క మతి చెడగొట్టి ప్రాణం తీయగలదన్నది కూడా అంతే నిజం. కనుక ఇంటి దగ్గర ఎవరూ ఆ ప్రయోగం చేయరాదు. ఆ కుటుంబపు మొక్కల నుంచి 1830లలో అట్రోపిన్ అనే రసాయనాన్ని విడదీశారు. దాన్ని సంస్కరించి 1970లలో ఇప్రాట్రోపియం, ఆ తరువాత టయోట్రోపియం తయారుచేశారు. ఊపిరి గొట్టాలను బిగించే నరాల సందేశాన్ని అడ్డుకోవడం వీటి పని. ఈనాడు ఆసుపత్రిలో నెబ్యులైజర్ ముసుగులోంచి వచ్చే ఆవిరికి మద్రాసు చిలుము పొగ దూరపు చుట్టమే. మన పెరటి అడ్డసరం కథ కూడా ఇటువంటిదే. దాని ఆకులోని వాసిసిన్‌ను ఆధారం చేసుకొని కఫాన్ని పలచబరిచే బ్రోమ్‌హెక్సిన్ తయారుచేశారు. పాత వైద్యం తప్పని కొట్టివేయడం కాక, అందులో పనిచేసేదేదో విడదీసి, మోతాదు నిర్ణయించి, హానిని తగ్గించడం వల్ల మేలు జరిగింది.

ఉమ్మెత్త బిగుసుకున్న గొట్టాలను సడలించగలదు గాని అవి ఎందుకు బిగుసుకున్నాయో చెప్పలేదు. ఆ ప్రశ్నకు ఒక జవాబు మదనపల్లె దగ్గర దొరికింది.

చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర, ఇప్పుడు అన్నమయ్య జిల్లాలో, ఆరోగ్యవరం అనే క్షయ చికిత్సాలయం ఉంది. వివిధ క్రైస్తవ మిషన్లు కలిసి ఇరవయ్యో శతాబ్దం రెండో దశాబ్దంలో దాన్ని స్థాపించాయి. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ చాలా కాలం దానికి అధిపతి. ఆ రోజుల్లో క్షయ అన్న మాటే శాపం. మందు లేదు. రోగిని ఇంటికి దూరంగా నెలల తరబడి ఉంచాలి. ఇంట్లో పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయి. అలా వచ్చిన రోగులలో కొందరు ఆ వైద్యులకు తేడాగా కనిపించారు. దగ్గు, ఆయాసం, కొద్దిపాటి జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయి. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా చిన్న చిన్న మచ్చలు ఉన్నాయి. అయితే కఫంలో క్షయ క్రిములు లేవు. రక్త పరీక్షలో మాత్రం ఈసినోఫిల్ అనే తెల్లకణాలు అసాధారణంగా పెరిగి ఉన్నాయి. వీరికి క్షయ లేదని, ఇది వేరొక రోగమని మోలర్, బార్టన్ అనే ఇద్దరు 1940లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు.

1943లో బొంబాయి నుంచి వైన్‌గార్టెన్ అనే వైద్యుడు 81 మంది రోగుల వివరాలు లాన్సెట్ పత్రికలో ప్రకటించి దానికి ట్రాపికల్ ఈసినోఫీలియా అని పేరు పెట్టాడు. రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు, రక్తంలో ఈసినోఫిల్స్ ఈ రోగం గుర్తులు. మామూలుగా ఘన మిల్లీమీటరు రక్తంలో ఐదు వందలు దాటని ఈ కణాలు ఈ రోగంలో మూడు వేలకు పైబడతాయి. పాషాణపు ఇంజెక్షన్లు ఇస్తే తగ్గుతున్నదని కూడా ఆయన గమనించాడు. ఎందుకు తగ్గుతున్నదో అప్పటికి తెలియదు.

అక్కడ మన భీమవరం వస్తుంది. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్ళిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన పరిశోధక బృందం 1947లో డైఎథైల్‌కార్బమజీన్ అనే మందును వెలువరించింది. హెట్రజాన్ పేరుతో అది మన ఇళ్ళకు చేరింది. అది బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగుల మీద పనిచేసే మందు. సుబ్బారావు గారు 1948లోనే కన్నుమూశారు. ఆ తరువాత, 1950లలో, ఇదే మందు ట్రాపికల్ ఈసినోఫీలియా రోగులకు ఇచ్చి చూస్తే దగ్గు, ఆయాసం రోజుల్లో తగ్గుముఖం పట్టాయి. పాషాణం అవసరం తప్పింది.

ఫైలేరియా మందుకు ఉబ్బసం లాంటి రోగం ఎందుకు లొంగింది? దీన్ని కళ్ళకు కట్టినట్టు చూపించినవారు వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు వెబ్, జాబ్, గాల్ట్. ఈ రోగుల ఊపిరితిత్తులలో, కాలేయంలో, లింఫు గ్రంథులలో చిక్కుకుపోయిన ఫైలేరియా పిల్లలను వారు 1960లో కనిపెట్టి లాన్సెట్‌లో ప్రకటించారు. మామూలు ఫైలేరియా రోగి రక్తంలో ఈ పిల్లలు తిరుగుతుంటాయి. కొందరి శరీరం మాత్రం వాటిని ఏమాత్రం సహించదు. రక్తంలోంచి వాటిని ఏరి, ఊపిరితిత్తుల్లో పట్టి చంపుతుంది. ఆ యుద్ధం వల్ల వచ్చేవే రాత్రి దగ్గు, పిల్లికూత. అంటే ఇదీ ఒక విధమైన అలెర్జీయే. అయితే పుప్పొడి మీద కాదు, దోమ తెచ్చిన పురుగు మీద. మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మోస్తుంది. గోదావరి జిల్లాలు, యానాం, గంజాం, పూరి తీరం, కుంభకోణం వైపు ఉన్నవారికి బోదకాలు ఎరుకే గనుక ఈ దగ్గు కూడా ఎరుకే. 1955లో ప్రారంభమైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం, 2004 నుంచి ఏటా ఊరంతటికీ మాత్రలు మింగించే పద్ధతి వచ్చాక ఇది చాలా చోట్ల తగ్గింది.

మదనపల్లె, బొంబాయి, భీమవరం, వెల్లూరు ఈ కథలో ఇలా కలిశాయి. క్షయ అనుకున్నది క్షయ కాదని, ఉబ్బసం అనుకున్నది మామూలు ఉబ్బసం కాదని తేలడంతో ఎన్నో కుటుంబాలు బతికి బయటపడ్డాయి. అయితే దీనికొక తోక ఉంది. ‘ఇస్నోఫీలియా’ అన్న మాట మన ఇళ్ళలో ఎంతగా పాకిందంటే, దగ్గిన ప్రతివాడికీ అదే పేరు పెట్టడం మొదలైంది. ఈ కణాలు దుమ్ము అలెర్జీలోనూ కొద్దిగా పెరుగుతాయి, కడుపులో నులిపురుగులున్నా పెరుగుతాయి. లెక్క కొంచెం ఎక్కువ రాగానే ఇస్నోఫీలియా అని హెట్రజాన్ మింగిన మామూలు ఉబ్బసం రోగులు, తమకు కావలసిన మందు అందక ఏళ్ళ తరబడి బాధపడ్డారు. సరైన పేరు ఒకరిని రక్షిస్తే, అదే పేరు తప్పుచోట పెట్టడం మరొకరిని ముంచింది.

తరువాతి పాఠం షోలాపూరుది. పందొమ్మిదో శతాబ్దం చివర అక్కడ నూలు మిల్లులు వెలిశాక తెలంగాణ నుంచి పద్మశాలీలు వేల సంఖ్యలో వెళ్ళి స్థిరపడ్డారు. మగవాళ్ళు మిల్లులో, ఆడవాళ్ళు బీడీల పనిలో. పత్తి దూది దులిపే గదుల్లో, ఏకే గదుల్లో పనిచేసేవారికి రొమ్ము బిగబట్టే ఒక రోగం వస్తుంది. దాని పేరు బిస్సినోసిస్. దాని గుర్తు విచిత్రమైనది. వారపు సెలవు తరువాత పనిలోకి వెళ్ళిన మొదటి రోజునే ఆయాసం ఎక్కువ. వారం గడిచేకొద్దీ తగ్గుతున్నట్టు ఉంటుంది. ఏళ్ళు గడిస్తే వారమంతా ఉంటుంది, చివరికి పని మానేసినా పోదు. లాంకషైర్ మిల్లు కార్మికుల్లో 1950లలో రిచర్డ్ షిల్లింగ్ అనే వైద్యుడు ఈ మొదటి రోజు లెక్కనే ఆధారం చేసుకొని రోగాన్ని దశలుగా విభజించాడు. పుప్పొడి అలెర్జీకీ దీనికీ లోపలి యంత్రాంగం వేరు. పత్తి దుమ్ములోని సూక్ష్మజీవుల విషపదార్థాలకు ఇందులో పెద్ద పాత్ర ఉంది.

ఇక్కడ పేరుకు ఇంకొక విలువ వచ్చింది. ఉబ్బసం అంటే అది రోగి ఒంటితత్వం, వంశం. బిస్సినోసిస్ అంటే వృత్తి వ్యాధి. కార్మిక చట్టాల్లోని వృత్తి వ్యాధుల పట్టికలో దానికి చోటుంది, పరిహారం అడిగే హక్కుంది. అయితే డాక్టరు చీటీ మీద దమా అని రాస్తే ఆ హక్కు పుట్టదు. ఏ పనిచేస్తారు, ఎన్నేళ్ళుగా చేస్తున్నారు, సెలవు రోజున ఎలా ఉంటుంది అని వైద్యుడు అడగాలి. ఆయన అడగకపోతే రోగే చెప్పాలి. చెప్పడానికి భాష కావాలి. పరాయి భాషలో కడుపునొప్పి, జ్వరం చెప్పగలం గాని రొమ్ము బిగువు, గొంతులో గురగుర, పిల్లికూత చెప్పడం కష్టం. మనబోటి వారు స్థానిక భాషలో ఈ నాలుగు మాటలైనా నేర్చుకోవడం సాహిత్యసేవ కాకపోయినా ప్రాణావసరం.

షోలాపూరు నుంచి పుణె ఎంతో దూరం లేదు. 1950లలో పుణెలో తెల్లపూల కలుపుమొక్క ఒకటి కనిపించింది. వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్. ఎస్. రావు 1956లో దాన్ని పార్థీనియంగా గుర్తించి ప్రకటించాడు. ఆంధ్రలో దాని పేరు వయ్యారిభామ. మరాఠీలో గాజర్ గవత్, కన్నడంలో కాంగ్రెస్ గిడ. అమెరికా గోధుమలతో, పి.ఎల్. 480 పథకం కింద వచ్చిందని అందరూ అంటారు. పద్దుల తేదీలు సరిచూసే అలవాటు కొద్దీ చూస్తే ఆ ఒప్పందం మీద సంతకాలు పడింది 1956 ఆగస్టులో. పుణెలో మొక్క అప్పటికే పాతుకుంది. 1951లో కూడా అమెరికా నుంచి అప్పు మీద గోధుమలు వచ్చాయి కనుక గోధుమల మాట పూర్తిగా కొట్టివేయలేం గాని, ఆ ఒక్క ఒప్పందం మీద నింద మోపడానికి తేదీలు ఒప్పుకోవు.

ఒక్కొక్క మొక్క వేలకొద్దీ విత్తనాలు రాలుస్తుంది. తాకితే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు, దాని పుప్పొడి పీలిస్తే కొందరికి తుమ్ములు, ఆయాసం. బెంగుళూరు శివార్లలో ఇళ్ళస్థలాలు వేసి వదిలేసిన చోటల్లా ఇది విరగబూసింది. అక్కడి భారతీయ విజ్ఞాన సంస్థలో పి. వి. సుబ్బారావు బృందం ఈ పుప్పొడి అలెర్జీని ఏళ్ళ తరబడి పరిశోధించి, నగరంలోని ముక్కు అలెర్జీకి ఇదొక ముఖ్య కారణమని నిరూపించింది. 1984లో మెక్సికో నుంచి తెచ్చిన ఒక పెంకుపురుగును ఈ మొక్క మీదకు వదిలారు. అది కొంత మేసింది గాని మొక్క ఓడిపోలేదు.

అయినా బెంగుళూరు ఉబ్బసమంతా వయ్యారిభామ పనే అనుకుంటే మళ్ళీ పాత పొరపాటే. పిల్లల వైద్యుడు డాక్టర్ హెచ్. పరమేశ్ తన ఆసుపత్రికి వచ్చిన ఇరవై వేలమంది పిల్లల లెక్కలు ప్రకటించారు. వారిలో ఉబ్బసం ఉన్నవారు 1979లో 9 శాతం, 1999 నాటికి 29.5 శాతం. ఇది ఆసుపత్రికి వచ్చినవారి లెక్క, ఊరందరిదీ కాదు. అయినా పెరుగుదల పెరుగుదలే. ఆ ఇరవై ఏళ్ళలో ఊళ్ళో పెరిగినవి గడ్డి ఒక్కటే కాదు. వాహనాలు, కట్టడాల దుమ్ము, గాలి ఆడని ఇళ్ళు అన్నీ పెరిగాయి.

ఇంటి సంగతికి వస్తే, ‘ఇంట్లో దుమ్ము పడదు’ అని తరతరాలుగా అంటున్నాం. ఆ దుమ్ములో పడనిదేమిటో హాలండులోని లైడెన్ శాస్త్రజ్ఞులు 1960లలో తేల్చారు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతికే, కంటికి కనబడనంత చిన్న పురుగు డస్ట్ మైట్. మిల్లీమీటరులో మూడోవంతు ఉంటుంది. పరుపులు, దిండ్లు దాని కాపురం. గాలిలో తేమ ఎక్కువున్న చోట అది బాగా పెరుగుతుంది కనుక సముద్రతీరపు ఊళ్ళన్నీ దానికి అత్తవారిళ్ళే. అదే దశాబ్దంలో, 1966-67లో, అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో జోహాన్సన్, బెన్నిక్‌లు వేరువేరుగా రక్తంలోని ఒక కొత్త ప్రతిరక్షకాన్ని కనిపెట్టారు. అదే ఐ.జి.ఇ. పదిమందిలో ఒకరికే ఎందుకు పడదన్న ప్రశ్నకు అదే జవాబు. ఆ ఒకరి ఒంట్లో ఆ వస్తువుకు ఎదురుగా ఐ.జి.ఇ. తయారై కాచుకొని ఉంటుంది. చర్మం మీద చుక్కవేసి గుచ్చి చూసే అలెర్జీ పరీక్ష చూపించేది దీన్నే. అయితే పరీక్షలో దద్దురు లేచినంత మాత్రాన రోగం దానివల్లనే అని కాదు. పరీక్ష కాగితం చూసి పాలు, పప్పు, వంకాయ, అరటిపండు అన్నీ మాన్పించి పిల్లలను ఎండబెట్టే వారున్నారు. ఆ వస్తువు తగిలినప్పుడు నిజంగా బాధ వస్తున్నదా అన్నదే అసలు సాక్ష్యం.

ఉబ్బసం చరిత్ర రాస్తూ హైదరాబాదు చేపమందు ప్రస్తావించకపోతే పాఠకులు ఒప్పుకోరు. ఒక సాధువు చెప్పగా 1845 నుంచి తాము ఇస్తున్నామని బత్తిన కుటుంబం వారు చెబుతారు. ప్రతి సంవత్సరం మృగశిర కార్తె ప్రవేశించే రోజున, బతికున్న చిన్న కొర్రమీను నోట్లో మందు పెట్టి మింగిస్తారు. శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. కోవిడ్ వల్ల 2020 నుంచి మూడేళ్ళు ఆగి 2023లో మళ్ళీ మొదలైంది. షోలాపూరు, రాయచూరు, బరంపురం నుంచి కూడా మనవాళ్ళు వెళతారు. డబ్బు తీసుకోరు, కులమతాలు అడగరు. ఆ గౌరవం వారికి దక్కాలి. అయితే ఈ మందు ఉబ్బసాన్ని తగ్గిస్తుందని శాస్త్రీయమైన పరీక్షలో రుజువు కాలేదు. ఉబ్బసం తనంతట తానే పెరుగుతూ తరుగుతూ ఉండే రోగం. బాగా బాధపడ్డాక మందు తీసుకుంటాం, ఆ తరువాత కొన్నాళ్ళకు కొంత తగ్గడం సహజం. ఫైలేరియా వాడికీ, దూది దుమ్ము వాడికీ, పుప్పొడి వాడికీ ఒకే చేప మందు కావడం ఎలా సాధ్యమన్నది ఈ వ్యాసం చదివిన వారు ఆలోచించవలసిన ప్రశ్న. వెళ్ళేవారు వెళ్ళవచ్చు. వాడుతున్న మందు మాత్రం ఆపి వెళ్ళరాదు.

ఆ వాడే మందు చరిత్ర కూడా కొంచెం చెప్పాలి. 1956లో అమెరికాలో తొలి మీటరు ఇన్‌హేలర్ వచ్చింది. ఒక మందుల కంపెనీ అధికారిని ఆయన కూతురే, జుట్టుకు కొట్టుకునే స్ప్రేలాగా నా మందు ఎందుకు ఉండదని అడిగిందట. 1969లో సాల్బుటమాల్ వచ్చింది. అది బిగుసుకున్న గొట్టాన్ని నిమిషాల్లో సడలిస్తుంది. లోపలి వాపును తగ్గించదు. వాపుకు పనిచేసేది స్టిరాయిడ్. ఇంగ్లండులో డెర్బీకి చెందిన మారో బ్రౌన్ అనే వైద్యుడు రోగుల కఫాన్ని స్వయంగా సూక్ష్మదర్శినిలో చూసి, ఈసినోఫిల్స్ ఉన్నవారికే స్టిరాయిడ్ బాగా పనిచేస్తుందని 1958లో రాశాడు. ఆరోగ్యవరంలో పలకరించిన కణమే అక్కడా దారి చూపింది. ఆయనే 1972లో స్టిరాయిడ్‌ను ఇన్‌హేలర్‌గా వాడి ఫలితాలు ప్రకటించాడు. మాత్రలో మిల్లీగ్రాములు కావలసిన చోట పీల్చే మందు మైక్రోగ్రాముల్లో సరిపోతుంది. ఒళ్ళంతా తిరగకుండా నేరుగా ఊపిరి గొట్టానికి చేరుతుంది.

మనవాళ్ళ భయం మాత్రం దీని మీదే. పీల్చే మందు అలవాటైపోతుందట, అది ఆఖరి మందట, ఆడపిల్ల చేతిలో కనబడితే పెళ్ళి కాదట. ఈ మాటల వల్ల పిల్లలు దాచిపెట్టి వాడుతున్నారు, కొందరు మానేస్తున్నారు. ఆయాసం వచ్చినప్పుడు సాల్బుటమాల్ ఒక్కటి కొట్టుకొని గడిపేవారు ఎందరో. సాల్బుటమాల్ ఒక్కదాని మీదే ఆధారపడవద్దని, పెద్దలకూ ఎదిగిన పిల్లలకూ స్టిరాయిడ్ కలిసిన ఇన్‌హేలరే ఉండాలని 2019లో అంతర్జాతీయ మార్గదర్శకాలు మారాయి. మన దేశంలో సుమారు మూడున్నర కోట్లమందికి ఉబ్బసం ఉందని 2019 నాటి అంచనాలు చెబుతున్నాయి. ప్రపంచంలోని ఉబ్బసం రోగుల్లో ఇది ఎనిమిదో వంతు మాత్రమే. మరణాల్లో మాత్రం మన వాటా 40 శాతానికి పైనే. మందు లేక పోతున్న ప్రాణాలు కొన్ని. మందు ఉండీ, సిగ్గుపడి, భయపడి పోగొట్టుకుంటున్నవి మరికొన్ని.

ఇంతకూ మనం చేయవలసినవి పెద్ద పనులు కావు. పరుపులు, బొంతలు ఎండలో వేయడం, దిండు గలీబులు వారానికోసారి వేడినీళ్ళలో ఉతకడం, పొడిచీపురు బదులు తడిగుడ్డతో తుడవడం. దోమల చక్రాలు, అగరుబత్తీలు, కట్టెల పొయ్యి, సిగరెట్టు పొగ పడకగదికి దూరంగా ఉంచడం. వయ్యారిభామను పూతకు రాకముందే, చేతికి తొడుగు వేసుకొని, వేరుతో పీకడం. మురుగు నిలవకుండా చూడడం. అన్నిటికంటే ముఖ్యంగా ఒక పద్దు పుస్తకం పెట్టడం. ఆయాసం వచ్చిన తేదీ, వేళ, అప్పుడున్న చోటు, చేస్తున్న పని, వాతావరణం, వాడిన మందు. బ్లాక్లీ గాజు పలకలతో చేసినదీ, షిల్లింగ్ మిల్లు కార్మికులను అడిగి రాసుకున్నదీ ఇదే పద్దు. రెండు మూడు నెలల పద్దు చూస్తే పడనిదేదో చాలామందికి తెలిసిపోతుంది. ఆ పుస్తకం తీసుకొని వెళితే డాక్టరుకు భాష రాకపోయినా అంకెలు అర్థమవుతాయి.

మాట్లాడడానికి ఊపిరాడకపోయినా, పెదవులు నీలమైనా, ఇన్‌హేలర్ కొట్టినా తగ్గకపోయినా పద్దు రాస్తూ కూర్చోరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మిగిలిన రోజుల్లో మాత్రం, ఎవరైనా ఉబ్బసానికి ఫలానా మందు బ్రహ్మాండంగా పనిచేస్తుందని చెప్పినప్పుడు, ఏ ఉబ్బసానికి అని ఒక్క ప్రశ్న అడగండి.